నలభై ఒక్క ఖాళీలు

మార్చి 3, సోమవారం

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు వంకరటింకరగా వస్తే రానీ, నేను తప్ప చదివి తప్పులు పట్టేవాళ్ళెవరున్నారు? ఇంట్లో రాసుకుందామంటే పై వాటాలో మావారి అన్నగారు, అంటే మా బావగారు, కింది వాటాలో మేము, మధ్యలో తలుపు లేని మెట్లు. ఆఫీసులో రాసుకుందామంటే అక్కడా బావగారే, కాకపోతే అక్కడ ఆయన్ని సార్ అనాలి. పొద్దున తొమ్మిదింటిదాకా బావగారూ, తొమ్మిది దాటాక సార్, సాయంత్రం ఆరు దాటితే మళ్ళీ బావగారూ. ఈ గ్రహాల పరిశోధన ఆఫీసులో చేరినప్పటినుంచీ, ఏడేళ్ళుగా ఇదే వరస. కిందటి నెల మీటింగులో నోరు జారి "బావగారూ, ఆ పట్టిక మీ దగ్గరుందా?" అనేశాను. గదిలో అందరూ గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వారు. చాలా మంచి మనిషి, నా ఖర్మ కొద్దీ. ఆరోగ్యానికి మంచిదని ఆయన నడిచి వెళతారు కనుక ఈ ఇరవై అయిదు నిమిషాల బస్సు మాత్రం నాది.

ఇవాళ పిచ్చుక మళ్ళీ ఏడ్చింది. ఆ పిల్లకి ఆ పేరు నేనే పెట్టాను, ఇప్పుడు ఆఫీసంతా అలాగే పిలుస్తున్నారు. మనిషి ఇంతే ఉంటుంది, నోరు మాత్రం క్షణం ఊరుకోదు. బావగారి దగ్గర పరిశోధన చేస్తోంది. మూడున్నరేళ్ళుగా ఒకే ఒక్క గ్రహాన్ని పట్టుకుని వేలాడుతోంది. గురుగ్రహం కంటే లావుది, తన నక్షత్రాన్ని ఆనుకుని గిర్రున తిరుగుతుంది, వేడి వెయ్యిన్నీ యాభై కెల్విన్లు. అది నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు దాని గాలిలోంచి వడకట్టుకుని వచ్చే వెలుతురుని ఆరుసార్లు కొలిచింది. గాలిలో నీటి ఆవిరి కనబడితే వర్ణపటంలో ఒకచోట గుంట పడాలి. దీనికి గుంట లేదు, ఇస్త్రీ చేసినట్టు చదునుగా వచ్చింది. పైన మబ్బు దట్టంగా కప్పేసింది, అందుకే కింది ఆవిరి కనబడటం లేదు అని పిచ్చుక అంటుంది. ఆ వేడిలో ఉన్న గ్రహాల మీద మబ్బులుండవు, కేటలాగు చూసుకో అని దాని పరిశోధనని పరీక్షించే కమిటీ అంటుంది. కొలత తప్పని ఒప్పుకుని సరిచేసుకుని రా, లేదా సీటు వదులుకో అని తేల్చి చెప్పేశారు. గడువు ఈ నెల ఇరవై ఎనిమిది.

ఆ కేటలాగు కూర్చింది నేను. రెండు వందల పధ్నాలుగు భారీ గ్రహాలు, ఒక్కోదానికి ఒక తరగతి అంకె.

"అక్కా, మీ కేటలాగులో నా దానికి దగ్గర వేడిలో నలభై ఒక్క గ్రహాలున్నాయి కదా. వాటి అసలు వర్ణపటాలు ఇప్పించరా? పక్కపక్కన పెట్టుకుని చూస్తా. నా తప్పెక్కడో నాకైనా తెలియాలి కదా" అంది ముక్కు చీదుకుంటూ. కొండమీది దుర్భిణి వాళ్ళకి ఫోన్ చేసి తెప్పిస్తానన్నాను. ఎంతపని.

మార్చి 5, బుధవారం

ఫోన్ చేశాను. చేయకుండా ఉండాల్సింది.

కొండమీద దుర్భిణి దగ్గర ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న ఆపరేటరుని మేమంతా కొండబాబాయి అంటాం. మూడేళ్ళ కింద ఆయన పంపిన లిస్టులో నలభై ఒకటి ఉన్నాయి, వాటి వర్ణపటాలు కావాలన్నాను.

"ఏ నలభై ఒకటి అమ్మాయ్?"

"అదే బాబాయ్, పై పొర అన్న గడిలో ఖాళీ అని రాశారు కదా, అవి."

"ఖాళీ అని రాస్తే ఇంక వర్ణపటాలెక్కడివే? అద్దం ఊడదీసి కొత్త పూతకి పంపలేదూ? ఆరు వారాలు దుర్భిణికి మూతేసి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాం. లిస్టులో పేర్లున్నాయి గానీ చూసింది లేదు, అందుకే ఖాళీ అని రాశా. ఏం, గొడవేమైనా అయ్యిందా?"

"లేదు బాబాయ్. ఊరికే అడిగాను."

"ఊరికే అడగడానికి ఫోన్ చేస్తావా నువ్వు? సరేలే, ఉంటా."

ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నానట, పక్క సీటావిడ చెప్పింది.

బావగారి లిస్టులో ఖాళీ అంటే గ్రహం పై పొరలో మబ్బు లేదని. మేము ఏడేళ్ళుగా ఆ మాట అలాగే వాడుతున్నాం. "ఇది మబ్బా, ఖాళీయా?" అని అడిగితే ఎవరికైనా అర్థమైపోతుంది. కొండబాబాయికి ఖాళీ అంటే ఆ పూట పని జరగలేదని. సినిమాహాల్లో సీటు ఖాళీ అన్నట్టు. రెండు లిస్టులనీ కలిపింది నేను. ఖాళీ అన్న ప్రతిచోటా 3 వేయమని కంప్యూటరుకి ఒక్క వాక్యంలో చెప్పింది నేను. మూడో తరగతి, మబ్బుల్లేనివి. చూడని గ్రహాలన్నీ ఒక్క దెబ్బకి తేటగా, నీలంగా, నిర్మలంగా అయిపోయాయి.

చిన్నప్పుడు పరీక్షల్లో ఖాళీలు పూరించండి అంటే నాకెంత ఇష్టమో. ఇప్పుడు పూరించాను, నూటికి నూరు.

మార్చి 6

కొండబాబాయికి వయసు మీదపడింది. ఏదో గుర్తుండి ఏదో చెప్పి ఉంటాడు. ఒకసారి తారీఖులు సరిచూస్తే తేలిపోతుంది. అనవసరంగా కంగారుపడ్డాను.

మార్చి 7

సరిచూశాను. ఆ వేడిలోవన్నీ వరసగా చూడాలని పెట్టుకున్న నలభై ఒకటీ ఆ ఆరు వారాల్లోవే. ఒక్కటి కూడా అటూ ఇటూ కాలేదు. కొండబాబాయి జ్ఞాపకం ఇనుములా ఉంది, ముసలి ప్రాణానికి ఎందుకంత జ్ఞాపకమో.

మార్చి 9, ఆదివారం

మధ్యాహ్నం పై వాటాలో భోజనాలు, ప్రతి ఆదివారంలాగే. బావగారి ముఖం వెలిగిపోతోంది. ఆయన పాఠ్యపుస్తకం అచ్చుకి వెళ్ళే ముందు దిద్దుకోవడానికి ప్రూఫులు వచ్చాయి. మూడో తరగతి గ్రహాలు ఎనిమిది వందల కెల్విన్ల దగ్గర ఆగిపోతాయని పాత పుస్తకాలు అంటాయి. కాదు, పదకొండు వందలదాకా మబ్బుల్లేకుండానే ఉంటాయి అని ఆయన రెండేళ్ళ కింద తేల్చారు. హద్దు గీతని అక్కడినుంచి ఇక్కడికి జరిపారు. దేన్నిబట్టి జరిపారు? నా కేటలాగులోని నలభై ఒక్కటిని బట్టి.

మావారు కళ్ళజోళ్ళ షాపులో రోజంతా నోరు మెదపకుండా కూర్చుని, అన్నగారు కనబడగానే చిన్నపిల్లాడైపోతారు.

"అన్నయ్యా, నీ మూడో తరగతి వాళ్ళంతా కులాసాయేనా?"

"నీకు మూడో తరగతి అంటే రైలే గుర్తొస్తుందిరా. చెబుతా విను. చల్లగా ఉండేవాటికి అమ్మోనియా మబ్బులు, అది ఒకటి. కాస్త వెచ్చబడితే మనలాగే నీటి మబ్బులు, రెండు. ఇంకాస్త వేడెక్కితే నీళ్ళు మబ్బు కట్టలేవు, పైనంతా ఖాళీ, అది మూడు. ఆపైన సోడియం, పొటాషియం వెలుతురంతా మింగేస్తాయి, నాలుగు. మరీ మండిపోయేవాటికి రాతి మబ్బులు, ఇనప మబ్బులు, అయిదు."

"రాతి మబ్బులే! అక్కడ వానొస్తే గొడుగు పనికిరాదు, హెల్మెట్ ఉండాల్సిందే."

బావగారి భార్య, మా అక్కయ్య, పొలమారేలా నవ్వింది. బావగారు కంచం పక్కన బల్లమీద వేలితో గీత గీసి, "ఇదుగో, ఇక్కడుండేది. మనం ఇక్కడికి తెచ్చాం" అని నావైపు చూశారు. మనం అన్నారు. నేను కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? ఆ పిచ్చుక గురించి దిగులా? పోనీలే, దానికి నేను నచ్చజెబుతాను" అన్నారు. ఆ పిల్ల మీద ఆయనకి కోపం కూడా లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మార్చి 11, మంగళవారం

కమిటీ ముందు పిచ్చుకని మరోసారి కూర్చోబెట్టారు. పట్టికలు చూపించడానికి నన్నూ రమ్మన్నారు. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ ఉందే, ఆవిడ చూపు సూదిలా ఉంటుంది. పిచ్చుక తన గ్రాఫులు ఒక్కొక్కటే చూపిస్తూ, "ఆరుసార్లూ చదునుగానే వచ్చిందండీ. ఒకసారైతే పరికరం తప్పు అనుకోవచ్చు, ఆరుసార్లూనా?" అంది. ఒక్క మాట తడబడలేదు.

ప్రొఫెసరమ్మ నావైపు తిరిగింది. "ఈ కేటలాగు మీరే చేశారటగా. దీనిమీద మీకు నమ్మకం ఉందా?"

పిచ్చుక నన్నే చూస్తోంది. బావగారు నన్నే చూస్తున్నారు, చిన్నగా నవ్వుతూ.

"ఉందండీ" అన్నాను.

ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. పిచ్చుక గ్రాఫులన్నీ సర్దుకుని అట్టలో పెట్టుకుంది. బయటికొచ్చాక నాతో, "మీరేం చేస్తారక్కా, మీకు తెలిసిందే చెప్పారు. ఆ వర్ణపటాలు వచ్చాయా?" అంది. ఇంకా రాలేదన్నాను.

మార్చి 12

అది అబద్ధం కాదు. నమ్మకం ఉందా అని అడిగింది. నిజమా అని అడగలేదు.

మార్చి 14, శుక్రవారం

మావారికి చెప్పేశాను. షాపు మూసే వేళకి వెళ్ళి, అద్దాల పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన చేతిలో కళ్ళజోడు తుడుస్తూ విన్నారు. తుడిచిందే తుడిచారు.

నిజం చెప్పాలంటే ఆయన వద్దంటారనే వెళ్ళాను. అన్నయ్య పరువు పోతుంది, ఇంట్లో మొహాలు ఎలా చూసుకుంటాం, నోరు మూసుకుని ఉండు అంటారనుకున్నాను. అలా అంటే నాకు నెపం దొరికేది.

"చెప్పెయ్. అన్నయ్య నిన్నేం కొరుక్కు తినడు. రెండ్రోజులు ముభావంగా ఉంటాడు. ఆ పిల్ల బతుకు పోతుంది కదే" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకేం తెలుసు? కళ్ళజోడు నంబరు తప్పితే ఇంకోటి చేసిస్తారు. ఇది అలాంటిదా?" అని అరిచి వచ్చేశాను. దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతుంటే ఏడుపొచ్చింది. మంచి మాట చెప్పిన పాపానికి ఆయనకి ఆ పూట చల్లారిన భోజనం.

మార్చి 17, సోమవారం

ఇవాళ చెప్పాలని వెళ్ళాను. అద్దంలో చూసుకుంటూ మాటలు వల్లె వేసుకున్నాను. "సార్, ఆ ఖాళీల విషయంలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది." ఇంతే, ఒక్క వాక్యం. గది తలుపు తీసి, "సార్, ఆ ఖాళీల విషయంలో" అన్నాను.

"రా అమ్మా, నేనే పిలుద్దామనుకుంటున్నా, కూర్చో" అన్నారు. "పుస్తకం వాళ్ళు ఆ గీతకి నా పేరు పెడతామని రాశారు. నేను ఒప్పుకోలేదు. ఇద్దరి పేర్లూ పెడితేనే పెట్టండన్నా."

"ఇద్దరెవరండీ?"

"ఇంకెవరు? నువ్వూ నేనూ. ముప్ఫై ఏళ్ళు నేను ఒక్కణ్ణే కిందామీదా పడ్డా, ఏమైంది? నువ్వొచ్చి అన్నీ ఒక దారికి తెచ్చాకే కదా గీత గీయగలిగింది. ఇంకో సంగతి, మనిద్దరి ఇంటిపేరూ ఒకటే కదా. ఒక్కసారి వేస్తే ఇద్దరికీ సరిపోతుంది!" అని తన హాస్యానికి తనే పడీపడీ నవ్వారు. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ తడి నవ్వుకి వచ్చిందో దేనికి వచ్చిందో నాకు తెలియలేదు. "ఇంతకీ నువ్వేదో అంటున్నావు?"

"ఏం లేదండీ. ఖాళీగా ఉన్నారేమో అడుగుదామని వచ్చాను."

ఆ మాటే వచ్చింది నోటికి. ఛీ.

మార్చి 18

రేపు.

మార్చి 19

రేపు తప్పకుండా.

మార్చి 20

ఆయనకి జలుబు చేసింది. ముక్కు ఎర్రబడిపోయి రుమాలుతో కూర్చున్న మనిషికి ఇలాంటివి చెబుతారా ఎవరైనా? తగ్గనీ.

మార్చి 22, శనివారం

జలుబు తగ్గింది. ఇవాళ వాళ్ళింటికి ఎవరో చుట్టాలొచ్చారు. అక్కయ్య నన్ను వాళ్ళకి చూపించి, "మా చెల్లి పేరు పుస్తకంలో పడుతోంది తెలుసా" అంది. నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఏడేళ్ళలో ఆవిడ నన్ను చెల్లి అనడం ఇదే మొదలు. ఎప్పుడూ మా తోడికోడలు అనేది.

ఈ ఇంట్లో వాళ్ళు నన్ను తిట్టి ఉంటే, చులకనగా చూసి ఉంటే, ఈపాటికి ఎప్పుడో చెప్పేసేదాన్ని. వీళ్ళ మంచితనం నన్ను గోడకేసి నొక్కుతోంది, ఊపిరాడటం లేదు.

మార్చి 24, సోమవారం

పిచ్చుక గురువారం నుంచి సీట్లో లేదు. ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. తల నున్నగా దువ్వుకుని, ఉతికిన బట్టలు వేసుకుని, బుద్ధిగా కూర్చుని టైపు చేసుకుంటోంది. ఒక్క మాట లేదు. ఏమ్మా, ఎలా ఉన్నావు అంటే "బాగున్నానక్కా" అంది. ఏడ్చినప్పుడు లేని భయం ఆ బాగున్నానక్కా వినేసరికి పట్టుకుంది నాకు. సీటు వదిలేస్తోందేమో. ఏమైనా చేసుకుంటుందేమో. వర్ణపటాల గురించి అడగనే లేదు.

నాలుగు రోజులు. ఇంక రేపూ గీపూ లేదు. ముందు ఆ పిల్లకి చెప్పి, తర్వాత ఇద్దరం కలిసి బావగారి దగ్గరికి వెళ్ళాలి. తోడుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆ పిల్లకి తోడు నేను కావాల్సింది పోయి, నాకు తోడు ఆ పిల్ల కావాల్సి వచ్చింది చూడు.

మార్చి 26, బుధవారం

నిన్న పిచ్చుక ఆఫీసుకి రాలేదు, లైబ్రరీలో పనుందట. ఇవాళ రాగానే చెయ్యి పట్టుకుని కాగితాల స్టోరు గదిలోకి లాక్కెళ్ళాను. కిటికీ లేని గది, చుట్టూ బైండు చేసిన పాత పట్టికలు.

"ఏంటక్కా, దొంగతనం చేసినట్టు ఇక్కడికి తెచ్చారు?"

చేశాను కాబట్టే అన్నాను. అద్దం పూత, ఆరు వారాలు, కొండబాబాయి ఖాళీ, బావగారి ఖాళీ, నేను కొట్టిన 3, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆ పిల్ల పక్కనున్న పట్టిక అట్ట మీది దుమ్ము వేలితో తుడిచింది.

"అంటే, నా గ్రహం మీద మబ్బులున్నాయా?"

"ఉన్నాయి."

"నేను చూసింది నిజమేనా?"

"నిజమేనమ్మా. నీ కొలత ఒప్పే. నా కేటలాగే తప్పు."

రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత నవ్వింది. ఆ ఇరుకులోనే గిర్రున తిరిగి నన్ను కావలించుకుంది. "నేను చెప్పలేదూ! ఆరుసార్లూ అదే వచ్చిందని చెప్పలేదూ! నాకు పిచ్చి పట్టిందేమో అనుకున్నానక్కా. కళ్ళు మూసుకుంటే ఆ గ్రాఫే కనబడేది, నా చేతులే తప్పుడు చేతులేమో అనిపించేది. అబ్బ, అక్కా!" అని ఏడుస్తూ నవ్వుతూ నా భుజం తడిపేసింది. నాకూ ఏడుపొచ్చింది. ఇరవై రోజుల తర్వాత నా ఛాతీమీంచి రాయి దిగినట్టయింది. ఇదేదో ముందే చేసి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను కూడా.

అంతలో ఆ పిల్ల ఒళ్ళు బిగుసుకుంది. వెనక్కి జరిగింది.

"ఇది మీకెప్పుడు తెలిసింది?"

"ఈ నెల అయిదున."

"అయిదున" అంది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, చిన్నపిల్లలా. "నిన్న ఇచ్చేశానక్కా. నిన్న సాయంత్రమే సార్ లైబ్రరీకి వస్తే ఇచ్చేశాను."

"ఏమిచ్చావు?"

ఆరు కొలతల్లో నాలుగు తీసేసిందట. మిగిలిన రెండింట్లో ఎక్కడో చిన్న సొట్ట ఉంటే, దాన్నే నీటి ఆవిరి గుంట అని రాసిందట. మబ్బుల్లేవు, మూడో తరగతి అని తేల్చిందట. తీసేసిన నాలుగూ పరికరం లోపం వల్ల పాడైనవి అన్న కాగితం మీద సంతకం పెట్టిందట. ఇదంతా నేలవైపు చూస్తూ చెప్పింది.

"పద, ఇప్పుడే వెళ్ళి సార్‌కి చెబుదాం. తప్పు నాదని నేను ఒప్పుకుంటాను" అన్నాను.

"మీరు చెబితే పాత గ్రాఫులు బయటికి తీస్తారు కదక్కా. ఆ నాలుగూ ఎక్కడ పాడయ్యాయో చూపించమ్మా అంటారు. కొలత తప్పొస్తే ఎవరైనా క్షమిస్తారు. తెలిసి తీసేసిందని తేలితే గెంటేస్తారు, ఇంకెక్కడా అడుగు పెట్టనివ్వరు. మీరు అయిదో తారీఖునే చెప్పుంటే" అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేయలేదు. చేసి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. వంగి నా కాళ్ళు పట్టుకుంది. "చెప్పకండక్కా. మీకు దణ్ణం పెడతా. ఇప్పుడు చెప్పకండి."

లేవదీయడానికి వంగాను. సరే, చెప్పనులే, లే అన్నాను. చెప్పను అని ఒకరికి మాటిచ్చాక నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఇది ఇక్కడ రాసుకోకపోతే ఇంకెక్కడా రాయలేను. హాయిగా అనిపించింది.

మార్చి 27, గురువారం

పొద్దున బస్సులో ఒక ఉపాయం తట్టింది. పిచ్చుక గ్రహాన్ని ముట్టుకోకుండా, నలభై ఒకటిని మాత్రం దిద్దేస్తే? ఇవి అసలు చూడనేలేదు, పొరపాటున పడ్డాయి అని చెప్పి తీసేస్తే? తప్పు నాది, దెబ్బ నాకు, ఆ పిల్ల జోలికి ఎవరూ రారు. ఎంత సంతోషం వేసిందంటే, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

వెనక్కి నడుస్తూ ఆలోచిస్తే తెలిసింది. నలభై ఒకటీ తీసేస్తే ఆ వేడిలో మబ్బుల్లేని గ్రహం లోకం మొత్తానికి ఒక్కటే మిగులుతుంది, పిచ్చుకది. లోకంలో ఉన్న పెద్ద పెద్ద దుర్భిణులన్నీ దాని మీదికే తిరుగుతాయి. నెల తిరక్కుండా మబ్బు బయటపడుతుంది. దిద్దకపోతే అది మందలో ఒకటిగా దాక్కుని ఉంటుంది. ఆ పిల్ల అబద్ధానికి నా అబద్ధమే నీడ. నా తప్పు పోతే దానికి తలదాచుకునే చోటు ఉండదు.

రోడ్డు పక్కన ఒక కొట్టు అరుగు మీద కూర్చుండిపోయాను. ఎటు చూసినా ఒక్క సందు లేదు. కొట్టాయన వచ్చి "మంచినీళ్ళు తాగుతారా అమ్మా?" అన్నాడు. ఎవరైనా దయగా మాట్లాడితే నాకు భయం వేస్తోంది ఈ మధ్య.

మార్చి 28, శుక్రవారం

బస్టాపులో రాస్తున్నాను. మూడు బస్సులు వదిలేశాను.

పదకొండింటికి కమిటీ కూర్చుంది. పిచ్చుక చక్కగా చెప్పింది. తొందర లేదు, తత్తరపాటు లేదు. రెండు కొలతలు, ఒక గుంట, మబ్బుల్లేవు, మూడో తరగతి. బావగారు తల ఊపుతూ విన్నారు. అయ్యాక లేచి, "ఇన్నాళ్ళూ ఈ పిల్లని బాధపెట్టాను, కానీ చూడండి, ఎంత పద్ధతిగా తన తప్పు తనే దిద్దుకుందో. మన పుస్తకంలో మూడో తరగతికి ఉదాహరణగా ఈ గ్రహాన్నే వేయిద్దాం, బొమ్మతో సహా" అన్నారు. పిచ్చుక ముఖంలో నెత్తురు చుక్క లేదు. సంతోషంతో నోట మాట రావడం లేదనుకున్నారు అందరూ.

ప్రొఫెసరమ్మ నావైపు తిరిగింది. "కేటలాగు మీది కదా. మీరేమైనా అడగాలా?"

"అడగాల్సిందేమీ లేదండీ."

ఆవిడ ఊరుకోలేదు. పిచ్చుకనే అడిగింది, మెత్తగానే అడిగింది. "మరి మొదట్లో మబ్బులున్నాయని అంత గట్టిగా ఎందుకు అన్నావమ్మా? ఆరుసార్లు చూశానన్నావు కదా."

పిచ్చుక నావైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"అప్పట్లో నాకు చూడటం చేతకాదండీ" అంది.

ప్రొఫెసరమ్మ తృప్తిగా కాగితాల మీద సంతకం పెట్టింది. బావగారి కళ్ళు చెమర్చాయి. అప్పుడు చప్పట్లు మొదలుపెట్టింది నేనే.